నర్సరీ గదిలో చేట

మా పక్కింట్లో అద్దెకుండే అమ్మాయికి ఈ మధ్యే నర్సరీ టీచరుగా ఉద్యోగం వచ్చింది. చేరిన వారానికే ఒక సాయంత్రం ఫోను పట్టుకుని మా ఇంటికి వచ్చింది.

"మేడం, మీరు ఇన్నేండ్లు చేసినారు గదా, పిల్లోల్లకు సీజన్ యాక్టివిటీలు ఏమన్నా చెప్పండి. ఇవి సూడండి, ఎంత బాగుండాయో!"

ఫోనులో ఎర్రటి ఆకులు, దూదితో చేసిన మంచు మనిషి, ఉన్ని టోపీ పెట్టుకున్న ఎలుగుబంటి. బయట చూస్తే తిరుపతి ఎండ. మా డాబా మీద ఆరబోసిన ఎండుమిరపకాయలు చెయ్యి పెడితే గలగలమంటున్నాయి. నాకు నవ్వాగలేదు. పాపం ఆ అమ్మాయి చిన్నబుచ్చుకుంది.

"నిన్ను చూసి నవ్వలేదమ్మా, నన్ను నేను తలుచుకుని నవ్వినాను" అని కాఫీ కలిపి ఇచ్చాను. ఆ పూట ఆమెకు చెప్పిన సంగతులనే కాస్త తీరిగ్గా ఇక్కడ రాస్తున్నాను. నేను ఏ సంవత్సరం చేరానో, ఎప్పుడు హెడ్డునయ్యానో మీకు అక్కర్లేదు. అలిపిరికి వెళ్ళే దారిలో ఒక చిన్న ప్రైవేటు బడి. అందులో మూడు నాలుగేళ్ళ పిల్లల గది నాది. రిటైరయ్యేదాకా ఆ గది వదల్లేదు. పెద్ద క్లాసులు ఇస్తామన్నా వద్దన్నాను. గర్వంతో కాదు, పెద్ద పిల్లలంటే నాకు భయం.

ఈ ఉద్యోగంలో సగం పని ముక్కులు తుడవడం, చెప్పులు ఎడమది కుడిది వెతికి తొడగడం. ఇది ఏ ట్రైనింగులోనూ చెప్పరు. ఇంకొకటి కూడా చెప్పరు. ఈ వయసు పిల్లలకు టీచరంటే దేవుడి తరవాతి మనిషి. ఇంట్లో అమ్మ ఏం చెప్పినా "మా టీచర్ అట్ల చెప్పలేదు" అంటారు. పాలు తాగమన్నా, పడుకోమన్నా, చివరికి దోసె ఎలా తుంచాలన్నా "మా టీచర్ చెప్పింది" అన్నదే వాళ్ళకు వేదం. ఆ మాట తల్లులు వచ్చి నవ్వుతూ చెబుతుంటే మొదట్లో నాకు ఒళ్ళు పొంగిపోయేది. మీకూ పొంగుతుంది. పొంగనివ్వండి, కానీ కాస్త జాగ్రత్తగా ఉండండి. ఎందుకో ముందుకు పోయేకొద్దీ చెబుతాను.

ఇస్త్రీ చేసిన ఆకులు

మా కరస్పాండెంటు సారు మంచి మనిషి. బడి ఆయన సొంతం. పిల్లలంటే ప్రాణం, తల్లిదండ్రులంటే హడలు. ఎవరైనా తల్లి గొంతు పెంచితే ఆయన గది తలుపు దానంతటదే మూసుకునేది. ఒక ఏడాది ఆయన ఏదో పెద్ద నగరం నుంచి ఒక కిట్టు తెప్పించారు. నెలనెలకూ ఏం చెయ్యాలో అందులో రంగుల అట్టల మీద ఉంటుంది. అక్టోబరు అట్ట మీద ఇలా ఉంది: పిల్లలను బయటికి తీసుకువెళ్ళి రాలిన ఎండుటాకులు ఏరించండి, వాటిని కాగితానికి అంటించండి, రంగులు గమనించమనండి.

అక్టోబరులో తిరుపతిలో ఆకులు ఎక్కడ రాలతాయి? అప్పటికి వానలు మొదలై చెట్లన్నీ పచ్చగా కళకళలాడుతుంటాయి. మాకు ఆకు రాలేది మాఘమాసం చివర్లో. నేను సారు దగ్గరికి వెళ్ళి ఆ మాటే చెప్పాను.

"శనివారం పేరెంట్లకు చూపించాల టీచర్. కిట్టుకు లెక్క చెప్పుకోవాల్సింది నేను. ఏదో ఒకటి చెయ్యండి" అన్నారు.

మా గదిలో మునెమ్మ అని ఆయా ఉండేది. నాకంటే పెద్దది, నాకంటే చురుకైనది. వంటింట్లో గానీ గదిలో గానీ ఆమెకు చేతకాని పని లేదు. నా దిగులు మొహం చూసి "ఎండుటాకులే గదా, నాకిడిసిపెట్టు" అంది. మరునాటి పొద్దున గంప నిండా గోధుమరంగు ఆకులు తెచ్చి నా ముందు కుమ్మరించింది. ఒక్కటి కూడా ముడుచుకుని లేదు. అన్నీ అప్పడాల మాదిరి సాపుగా ఉన్నాయి. పట్టుకుంటే ఇంకా కొంచెం వెచ్చగా ఉన్నాయి.

"యాడివి మునెమ్మా ఇవి?"

"కానుగ చెట్టువే. పచ్చివి కోసి మా తమ్ముడికిచ్చినా. ఇస్త్రీ పెట్టె కింద పెడితే బొగ్గు మాదిరి అయిపోతాండాయి, అందుకే గుడ్డ అడ్డం పెట్టి మెల్లిగా రుద్దినాడు."

వాళ్ళ తమ్ముడికి మా రోడ్డులోనే ఇస్త్రీ బండి ఉంది. ఆ వారమంతా వీధిలోవాళ్ళ చొక్కాలన్నీ కానుగాకు వాసన కొట్టాయని తరవాత తెలిసింది. శనివారం తల్లిదండ్రులు వచ్చారు, మెచ్చుకున్నారు, ఫోటోలు తీసుకున్నారు. సారు ఉబ్బితబ్బిబ్బయ్యారు. అంతా అయ్యాక ఒక పిల్లవాడు కిటికీలోంచి పచ్చటి కానుగ చెట్టును చూసి, చేతిలోని ఆకును చూసి, "టీచర్, ఈ ఆకుకు ఏమైంది?" అని అడిగాడు.

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఇస్త్రీ చేశారురా అని చెప్పలేను కదా. నాలుగేళ్ళ పిల్లలు కళ్ళ ముందు ఉన్నదాన్ని నమ్ముతారు. మనం కళ్ళ ముందు ఉన్నదాన్ని దాచి అట్ట మీద ఉన్నదాన్ని చూపిస్తున్నాం. ఆ రాత్రి అన్నం సయించలేదంటే మీరు నవ్వుతారు గానీ, నిజం.

చేట

మరుసటి సోమవారం మా అత్తగారి పాత వెదురు చేట ఒకటి తెచ్చి గది మూలన చిన్న బల్ల మీద పెట్టాను. బయట ఏ కాలం నడుస్తుందో అది చేటలోకి రావాలి. అంతే నియమం. కిట్టు ఏం చెప్పినా సరే, చేటలో ఉన్నదే ఆ వారం పాఠం. పిల్లలు దాన్ని పట్టుకుంటారు, వాసన చూస్తారు, విరుస్తారు, చిన్నదీ పెద్దదీ వరస పెడతారు, లెక్కపెడతారు, తినేదైతే తింటారు.

జూన్‌లో బడి తెరిచేసరికి మామిడి ఇంకా ఉంటుంది. చిత్తూరు వైపు నుంచి గుజ్జు ఫ్యాక్టరీలకు వెళ్ళే లారీలు పిల్లలంతా చూసే ఉంటారు. చేటలోకి తోతాపురి వచ్చేది, మా వైపు బేనీషా అనే బంగినపల్లి వచ్చేది. కళ్ళు మూసుకుని వాసన చూసి ఏది ఏదో చెప్పాలి. గంగమ్మ జాతర సెలవుల్లో అయిపోయినా ఆ వారమంతా వాళ్ళ కబుర్లు జాతర వేషాల మీదే ఉండేవి. మామిడి టెంకకు బొగ్గుతో కళ్ళు పెట్టి వేషాలు వేయించేదాన్ని. వినాయక చవితికి బంకమట్టి. స్టెల్లా అని ఒక పిల్ల ఉండేది, వాళ్ళు చర్చికి వెళ్ళేవాళ్ళు. ఆ పిల్ల మట్టితో కోడిపెట్టను చేసింది. తరగతి మొత్తంలో రెక్కా కాలూ సరిగ్గా కుదిరింది ఆ కోడికే. మిగతావాళ్ళ వినాయకులందరూ బోర్లా పడ్డారు.

చలికాలంలో ఐరాల వైపు నుంచి చెరుకు గడలు, కొత్త బెల్లం. శివరాత్రి దగ్గరపడితే చింతకాయ. దాని పెంకు పగిలే చప్పుడుకు పిల్లలు పడే సంబరం చూడాలి. అప్పుడే ఆకులు కూడా నిజంగా రాలేవి. ఆ రోజుల్లో నేను పిల్లలను బాదం చెట్టు కిందికి తీసుకువెళ్ళి ఊరికే నిలబెట్టేదాన్ని. ఎర్రటి పెద్ద బాదం ఆకు ఒకటి ఊగుతూ వచ్చి ఎవరి నెత్తినో పడేది. ఇంకేం చెప్పాలి? పాఠం అయిపోయినట్టే.

ఆ చేటను ఇప్పుడు తలుచుకున్నా ముందు నాకు వాసనే గుర్తొస్తుంది. మామిడి సొన, తడిమట్టి, చింతపులుపు, పిల్లల తలనూనె, అన్నీ కలిసిపోయిన వాసన. ఇంట్లో ఎన్ని పళ్ళు తెచ్చి పెట్టుకున్నా ఆ వాసన రాదు. ఎలా వస్తుంది, పిల్లలు లేరు కదా.

కుట్టేవి, పొక్కేవి

అంతా చక్కగా జరిగిందని చెబితే అబద్ధం. కొత్తగా చేరేవాళ్ళు ముఖ్యంగా ఇది చదవాలి.

బెల్లం దిమ్మను ముందురోజే చేటలో పెట్టి ఇంటికి వెళ్ళకండి. నేను వెళ్ళాను. పొద్దున వచ్చేసరికి ఎర్రచీమలు తరగతి నడుపుతున్నాయి. మామిడికాయ తొడిమె దగ్గర సొన కడగకుండా పిల్లల చేతికి ఇవ్వకండి. ఒక పిల్లవాడికి మూతి పక్కన పొక్కి వారం రోజులు ఉంది. పిల్లలను నమ్మి చింతపండును వదలకండి. ఎంత తిన్నారో మీకు మధ్యాహ్నం తెలుస్తుంది, మునెమ్మ లాంటి మనిషి లేకపోతే ఆ రోజు మీరు బతకరు.

మట్టి అంటిన యూనిఫారం చూసి తల్లులు తిడతారు. తిట్టనివ్వండి. ఆ బట్టలు ఉతికేది వాళ్ళు, మనం కాదు. తిట్టే హక్కు వాళ్ళకుంది. నేను పాత చొక్కాలు అడిగి తెప్పించి, వాటిని వెనకా ముందూ తిప్పి తొడిగి పని చేయించేదాన్ని. అప్పటికి తిట్లు సగం తగ్గాయి. మిగతా సగం దగ్గరే అసలు కథ ఉంది.

సీతాఫలం గింజ

కీర్తన అని నాలుగేళ్ళ పిల్ల. రెండు జడలు, ఎప్పుడూ ఊడిపోయే ఒక రిబ్బను. వాళ్ళది సత్యవేడు దగ్గర పల్లె. నాయన కొండ మీదికి జీపు తోలేవాడు. అమ్మ పేరు విజయ, బట్టల కొట్లో పని. పొద్దున కూతుర్ని దింపి, మెడలో కొట్టువాళ్ళిచ్చిన కార్డు వేసుకుని పరుగున వెళ్ళేది. ఆమె నాతో ఎక్కువగా మాట్లాడేది కాదు. పిల్ల ఏదైనా అడిగితే మాత్రం నా ముందే "నాకేం తెలుసు, మీ టీచర్నడుగు" అనేది. చాలామంది తల్లులు అనేదే కాబట్టి నేను పట్టించుకోలేదు.

మట్టి బొమ్మల వారం ఆమె ఒకసారి గుమ్మంలో ఆగింది. కూతురి గోళ్ళలో మట్టి చూపించి, "ఏంది టీచర్ ఇది? మేము మట్టి పిసికి పిసికి ఇంతదూరం వచ్చినాము. మళ్ళా బిడ్డ చేతికి మట్టి అంటించేదానికా ఇస్కూల్లో యేసింది?" అంది. నేను ఏదో సర్దిచెప్పాను. చేత్తో చేస్తే బుద్ధి పెరుగుతుందని, ఇంకా ఏవేవో. ఆమె విని తలూపి వెళ్ళిపోయింది. ఒప్పుకుని ఊపిన తల కాదది.

సీతాఫలాల కాలం వచ్చింది. మునెమ్మ గంపెడు కాయలు తెచ్చింది. పిల్లలు పండు విప్పి తిని, గింజలు చేటలో ఊశారు. కడిగి ఆరబెడితే నల్లగా నిగనిగలాడే గింజలు. వాటితో వలయాలు పెట్టాలి, పువ్వులు పెట్టాలి. నేను ఎప్పటిలాగే "ముందు పట్టుకోండి, తరవాత వాసన చూడండి" అన్నాను. కాసేపయ్యాక కీర్తన నా కొంగు లాగింది. ఏడవడం లేదు, కంగారు లేదు.

"టీచర్, గింజ లోపలికి పోయింది."

"యాడికి?"

"ఈడికి" అని ముక్కు చూపించింది.

మునెమ్మ అప్పటికే తలలో పిన్ను తీసింది. ఆమె చెయ్యి పట్టుకుని ఆపాను. ఇది గుర్తుపెట్టుకోండి. ముక్కులో ఏది పోయినా పిన్నులు, పుల్లలు పెట్టకూడదు. పెడితే ఇంకా లోపలికి పోతుంది. పిల్లను భయపెట్టకూడదు, ఏడిపించకూడదు, నోటితో గాలి పీల్చమని చెప్పి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. విజయకు ఫోను చేసి, కీర్తనను ఒళ్ళో పెట్టుకుని ఆటో ఎక్కాను. సీతాఫలం గింజల పొడి కంట్లో పడితే ప్రమాదమని చిన్నప్పటినుంచి విన్న మాట దారిపొడుగునా నన్ను పీడించింది. గింజ పగలకపోతే ఏమీ కాదని తెలుసు. అయినా తెలిసిన సంగతులు అలాంటప్పుడు పనికిరావు.

ముక్కు, చెవుల డాక్టరు పెద్దాయన. పరికరం దగ్గరికి తేగానే కీర్తన కేకలు పెట్టి కాళ్ళతో తన్నింది. గింజ నున్నగా ఉంది, జారుతోంది. ఆయన పరికరం పక్కన పెట్టేశారు. అంతలో విజయ వచ్చింది. కొట్టు నుంచి పరుగెత్తుకుని వచ్చినట్టుంది, మెడలో కార్డు వీపు మీదికి తిరిగిపోయింది.

"ఏంటికే పెట్టుకున్నావు ముక్కులో?" అని కూతుర్ని కుదిపేసింది.

"మా టీచర్ చెప్పింది, వాసన చూడమని" అంది కీర్తన.

ఇన్నాళ్ళూ నన్ను పొంగించిన మాట అది. ఆ రోజు అది నా చెంప మీద పడింది.

డాక్టరు విజయతో, "అమ్మా, నువ్వు ఒక పని చెయ్యాల. బిడ్డ నోటి మీద నోరు పెట్టి ఒక్కసారి గట్టిగా ఊదాల. రెండో ముక్కు నేను మూసి పట్టుకుంటా" అన్నారు.

"నాకు రాదు సార్. నాకేం తెలుసు? మీరే తీయండి."

"నేను దగ్గరికొస్తే తంతాండాది. నువ్వొస్తే తన్నదు. ముద్దు పెట్టినట్టు పెట్టి ఊదు, అంతే."

విజయ కూతుర్ని ఒళ్ళోకి తీసుకుంది. మొదటిసారి ఊదితే ఏమీ కాలేదు. కీర్తన కళ్ళు పెద్దవి చేసి అమ్మనే చూస్తోంది. రెండోసారి ఊదగానే గింజ ఎగిరివచ్చి విజయ బుగ్గకు తగిలి కింద పడింది. విజయ బుగ్గ తుడుచుకోలేదు. కూతుర్ని గుండెకు అదుముకుని ఊగిపోతోంది. ఆ చేతుల మధ్య నుంచి కీర్తన గొంతు వినిపించింది. "ఇంకోసారి ఊదుమా!"

డాక్టరు నవ్వారు. నాకూ నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. విజయ నవ్వలేదు. బయటికి వచ్చాక నా వైపు తిరిగి నెమ్మదిగానే అంది. "టీచర్, ఆ చేట అన్నా ఉండాల, నా బిడ్డన్నా ఉండాల. మీరే చెప్పండి."

చేట లేని గది

నేను చెప్పాల్సిన పని లేకుండా సారే చెప్పేశారు. "రేపట్నుంచి గింజలు, కాయలు, మట్టి ఏమీ వద్దు టీచర్. కిట్టు ఉండాది గదా." మునెమ్మ చేటను తీసుకువెళ్ళి సామాన్ల గదిలో అటక మీద పెట్టింది. సారును తప్పుపట్టలేను. ఆయన స్థానంలో ఉంటే నేనూ అదే చేసేదాన్నేమో. కానీ ఆ గదిలో ఉన్నది నేను.

అట్టలు చూపించాను. యాపిల్ బొమ్మ చూపిస్తే యాపిల్ అన్నారు. ఏనుగు బొమ్మకు ఏనుగు అన్నారు. ఎవరికీ ఏమీ కాలేదు. చొక్కాలు తెల్లగా ఇంటికి వెళ్ళాయి. తల్లులు సంతోషించారు. నాకు మాత్రం ఇంకెందుకీ ఉద్యోగం అనిపించింది. ఇంట్లో మా ఆయనతో రాజీనామా మాట కూడా ఎత్తాను.

దానికంటే పెద్దది ఇంకొకటి జరిగింది. పిల్లలు ఖాళీ బల్లను చూసి చేట ఏమైందని అడిగేవారు. ఒకడు తనకు తానే తేల్చేశాడు. "కీర్తన ముక్కులో పెట్టుకునింది గదా, అందుకే చేట పోయింది." అందరూ అదే పాట అందుకున్నారు. నేను మందలించాను, కథ చెప్పి మాన్పించబోయాను. ఈ వయసులో ఒక మాట అంటుకుంటే మనం కడిగితే పోదు. కీర్తన బల్ల వైపు చూడడం మానేసింది. పాట పాడేటప్పుడు కూడా ఒక చెయ్యి ముక్కు మీదే ఉంచుకునేది. తరవాత పొద్దున గేటు దగ్గర ఏడవడం మొదలుపెట్టింది. అంతకుముందు ఆ పిల్ల ఎప్పుడూ ఏడవలేదు.

ఒక సాయంత్రం నేను వాళ్ళ ఇంటికి వెళ్ళాను. ఒకే గది, చక్కగా సర్ది ఉంది. విజయ చాప వేసి మంచినీళ్ళిచ్చింది. కీర్తన బయట ఆడుకుంటోంది. సంగతంతా చెప్పాను.

"నాకు మీ మీద కోపం లేదు టీచర్" అంది నేల చూస్తూ. "నేను చిన్నప్పుడు మా యమ్మతో వేరుశనగ చేలల్లో చెనిక్కాయలు తెంచే కూలికి పోతా ఉంటిని. వానలో బురదలో కూర్చోని తెంచాల. వేళ్ళు పగిలిపోయేవి. బడికి పోయే పిల్లోల్లు గట్టు మీద పోతా ఉంటే తల ఎత్తేదాన్ని కాదు. నా బిడ్డకు ఆ సంగతే తెలీకూడదనుకున్నా. ఈడికొచ్చి అంత దుడ్డు పోసి చేరిపిస్తే, మీరు మళ్ళా అదే చేయిస్తాండారు."

బుద్ధి పెరుగుతుందని నేను గుమ్మంలో చెప్పిన మాటలు ఆమెకు ఎలా వినిపించి ఉంటాయో అప్పుడు అర్థమైంది. మనకు పాఠమైన మట్టి ఆమెకు కూలి. తల్లులు వద్దంటే మూఢత్వమని చాలామంది టీచర్లు అనుకుంటారు. ముందు వాళ్ళు ఎక్కడినుంచి వచ్చారో అడగండి.

"ఇంట్లో కూడా అంతే టీచర్" అందామె మళ్ళీ. "ఏం చెప్పినా, మా టీచర్ చెప్పలేదంటాది. నిజమే గదా, నేనేం చదువుకున్నానని? నాకేం తెలుసు?"

నేను అడగాలనుకున్నది అడిగేశాను. "విజయమ్మా, చేట మళ్ళీ పెడతాను. చిన్న గింజలు ఇంక పెట్టను. ఏది పెట్టినా పక్కన ఒక తల్లి కూర్చుని ఉండాల. మొదట నువ్వు రా. నువ్వు వద్దంటే అక్కడికక్కడే తీసేస్తా. శుక్రవారం నీకు సెలవే గదా?"

"కావలికి పిలస్తాండారా?"

"అవును, కావలికే."

ఆమె కొంచెంగా నవ్వింది. నేను లేచి చెప్పులు వేసుకుంటూ ఇంకో మాట చెప్పాను, దాచడం ఇష్టం లేక. "ఇప్పుడు బయట చెనిక్కాయల కాలం. చేటలోకి వచ్చేది అవే. నీకు కష్టంగా ఉంటే వేరేది తెస్తా."

ఆమె తలుపు పట్టుకుని నిలబడింది. "ఏదైతే ఏం టీచర్. నేను చూసేదానికే గదా వచ్చేది."

సారుకు చెప్పాను. ఆ తల్లి ఒప్పుకుంటే నాకేం అభ్యంతరం అన్నారు, ఒప్పుకోదన్న ధైర్యంతో. ఒప్పుకుందని తెలిశాక ఆయన గది తలుపు మూసుకుంది.

చెనిక్కాయలు

శుక్రవారం మునెమ్మ వాళ్ళ చుట్టాల చేలోంచి వేరుశనగ చెట్లు పెరికి తెచ్చింది. వేళ్ళకు మట్టితో, కాయలతో, ఆకులింకా వాడకుండా. చేట నిండి బల్ల మీదికి జారింది. పిల్లలు గోల చేశారు. కీర్తన మాత్రం గోడకు ఆనుకుని, ముక్కు మీద చెయ్యి పెట్టుకుని, అమ్మ వైపు చూస్తూ నిలబడింది. విజయ మంచి చీర కట్టుకుని వచ్చింది. తలుపు పక్కన కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చుంది. నిజంగానే కావలికి వచ్చినట్టు ఒక్కొక్క పిల్ల చేతిని కనిపెట్టి చూస్తోంది.

పిల్లలు ఒక్కొక్క కాయను పట్టుకుని లాగడం మొదలుపెట్టారు. కాయ రాదు, చెట్టంతా వస్తుంది. ఒకడు కాలితో తొక్కిపెట్టి లాగి వెల్లకిలా పడ్డాడు. ఇంకొకడు మట్టితో సహా నోట్లో పెట్టుకోబోయాడు.

"అట్ల కాదు నాయనా, ఉండు" అంది విజయ.

కుర్చీలోంచి లేచింది. చీర కుచ్చిళ్ళు పైకి దోపి నేల మీద కూర్చుంది. రెండు చెట్లు కలిపి ఎడమచేత్తో పట్టుకుని, విదిలించి, కుడిచేత్తో కాయలన్నీ గుప్పిట్లోకి తీసుకుని మెలిపెట్టింది. పటపటమని కాయలు చేటలో రాలాయి. ఆమె చెయ్యి ఆగలేదు. ఇంకో రెండు చెట్లు, ఇంకో రెండు. చూపు మాత్రం ఎక్కడో ఆ పాత చేలో ఉంది. పిల్లలు లాగడం మానేసి చూస్తున్నారు. నాకు భయం వేసింది, ఈమెను ఎక్కడికి తీసుకొచ్చి కూర్చోబెట్టానా అని.

"మా అమ్మ!" అని అరుపు వినిపించింది.

కీర్తన గోడ దగ్గర లేదు. చేట ముందుకు వచ్చి, ముక్కు మీది చెయ్యి తీసి అమ్మను చూపిస్తోంది. "సూడండి, మా అమ్మకొచ్చు! మా అమ్మకు అన్నీ వచ్చు!"

విజయ చెయ్యి ఆగింది. మట్టి అంటిన తన వేళ్ళను చూసుకుంది, కూతుర్ని చూసింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నా కళ్ళలోనూ. పిల్లలకు అవేమీ పట్టలేదు. "ఆంటీ, నాకు నేర్పించు", "ఆంటీ, నాకు" అని ఆమె మీద పడ్డారు. ఆమె ముక్కు చీది, కొంగుతో కళ్ళు తుడుచుకుని, కీర్తనను ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఆ చిన్న గుప్పిట చుట్టూ తన గుప్పిట మూసింది. కాయ ఒలిచి పెంకు లోపల చూపించింది. నల్లగా ఉంటే పండినట్టు, తెల్లగా ఉంటే లేత. పిల్లలు మధ్యాహ్నం దాకా నల్లవి ఒకవైపు, తెల్లవి ఒకవైపు వేశారు. నేను ఆ రోజు చేసిన పని ముక్కులు తుడవడం మాత్రమే.

ఇంటికి వెళ్ళేటప్పుడు కీర్తన గేటు దగ్గర ఆగింది. చేతిలో ఒక చెట్టు, పసుపుపచ్చ పువ్వు ఒకటి ఇంకా దానికి ఉంది.

"టీచర్, పువ్వు పైన ఉండాది గదా, కాయ మట్లో ఎట్ల కాస్తాది?"

ఆ ప్రశ్నకు జవాబు నాకు తెలుసు. ప్రతి ఏడూ బోర్డు మీద బొమ్మ వేసి చెప్పేదాన్ని. మాట నోటిదాకా వచ్చింది. అటుపక్క విజయ చెప్పులు తొడుక్కుంటోంది. ఆ మాటను మింగేశాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను చేసిన మంచి పని ఏదని ఎవరైనా అడిగితే, అదే చెబుతాను.

"నాకేం తెలుసు? మీ అమ్మనడుగు" అన్నాను.

సోమవారం పొద్దున గేటు దగ్గర ఏడుపు వినిపించలేదు. కీర్తన బ్యాగు భుజాన ఉండగానే పరుగెత్తుకుని వచ్చి నా ముందు నిలబడింది.

"పువ్వు వాడిపోయినాక ఊడ దిగతాదంట టీచర్, కిందికి, కిందికి, మట్లోకి. ఆడ చీకట్లో కాయ కాస్తాదంట. ఎవురికీ కనపడకుండా."

"అట్లనా! ఎవరు చెప్పినారు?"

"మా అమ్మ చెప్పింది" అని బ్యాగు నా చేతికిచ్చి, పోయి చేట దగ్గర కూర్చుంది.